వరండా మీది బూట్లు

2025 జూన్ పద్నాలుగు, శనివారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది మాడిన బెండకాయ వేపుడు, పెరుగన్నం. మాడ్చింది నేనే. నా కూతురు తన్మయి ఒక్క ముక్క కూడా పక్కన పెట్టకుండా తిని, కంచం కడిగేసి, "నాన్నా, లేట్ అవుతోంది" అంది. మా ఆవిడ నీరజ పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో నా వంటకు ఈ పిల్ల వంక పెట్టిన రోజు లేదు. ఇలాంటి చిన్న చిన్న దయల మీదే నాకు రోజులు గడుస్తున్నాయి. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఆఫీసులో ఎవరైనా నా కుర్చీ తీసుకుంటే ఇంకో కుర్చీ వెతుక్కుంటాను. అలాంటి నాకు ఆ చలికాలంలో వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. మేముండే ఆస్ట్రేలియాలో జూన్ అంటే చలికాలమే.

తన్మయి అప్పుడు పన్నెండో తరగతి. మెడిసిన్ చదవాలని దాని కోరిక. అది కోరుకున్న విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను. ఒక్కో సీటుకు ఇరవై మంది పోటీపడే చోటు అది. మార్కులూ ప్రవేశపరీక్షా మాత్రమే చాలవు. నువ్వు ఎలాంటి మనిషివో, నీ చుట్టూ ఉన్నవాళ్ళకు ఏం చేశావో రెండు పేజీల్లో రాసి పంపాలి. అది నచ్చితేనే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

మేముండే గిరావీన్‌లో పక్కింటి సుగుణ గారి అబ్బాయి కిట్టుకు అంతకుముందు ఏడాదే అక్కడ సీటొచ్చింది. "అన్నయ్యగారూ, ద్వారకానాథ్ గారి చెయ్యి పడకుండా అప్లికేషన్ పంపారంటే అది నేరుగా చెత్తబుట్టలోకే. మావాడు చూడండి, క్రికెట్ తప్ప ఏం తెలుసు వాడికి? ఆయనే వాడిని మనిషిని చేశారు" అని ఆవిడ నాకు నెల రోజులుగా చెబుతూనే ఉంది. ఆ మాట పట్టుకునే ఆ శనివారం ఇద్దరం రైలెక్కి పారమట్టా వెళ్ళాం.

ఫోన్లు బాగుచేసే కొట్టు మీద రెండో అంతస్తులో ద్వారకానాథ్ గారి ఆఫీసు. ఒకప్పుడు ఐటీ ఉద్యోగం చేసి, అది మానేసి ఈ పని పెట్టుకున్నారు. గోడ నిండా సీట్లొచ్చిన పిల్లల ఫొటోలు. ఆయన ఆప్యాయంగానే మాట్లాడారు. కొత్త పుస్తకం తీసి, పెన్ను మూత తీసి అడిగారు.

"చెప్పమ్మా తన్మయీ. చదువు కాకుండా ఏం చేస్తుంటావ్?"

"ఐ వర్క్, అంకుల్. వెంట్‌వర్త్‌విల్‌లో చికెన్ షాప్. టూ ఇయర్స్ అయింది."

పెన్ను ఆగిపోయింది. ఆయన నా వైపు తిరిగారు. "చికెన్ షాపా? ఏమండీ విఠల్ గారూ, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

నా చెవులు వేడెక్కాయి. "అబ్బే, లేదండీ. ఏదో సరదాకి" అన్నాను.

సరదాకి కాదు. నీరజ పోయాక సాయంత్రాలు మా ఇంట్లో మాట వినపడేది కాదు. మనుషులు మాట్లాడే చోటు కావాలని తన్మయి వెతుక్కున్న పని అది. బొగ్గుల మీద కోళ్ళు కాల్చి అమ్మే కొట్టు. ఇండియాలో మా వాళ్ళు ఫోన్ చేసి పిల్ల ఏదీ అంటే ట్యూషన్‌కి వెళ్ళిందని చెప్పేవాణ్ణి. రెండేళ్ళూ అదే అబద్ధం చెప్పాను.

"అది కొట్టేద్దాం" అన్నారాయన. "వాళ్ళకి కావాల్సింది సర్వీస్, లీడర్‌షిప్. కోళ్ళు కాదు కదమ్మా." ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. తన్మయి నవ్వలేదు.

తర్వాత ఆయన నీరజ గురించి అడిగారు. ఏ ఊరు, ఎక్కడ చదివింది, ఎలా పోయింది. పల్నాడులో చిన్న ఊరనీ, అక్కడి సర్కారు బడిలోనే చదువుకుందనీ చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"అదీ పాయింటు. అమ్మ చదివిన బడి. అమ్మ పేరు మీద పిల్లలందరికీ స్కూల్ బ్యాగులు. ఫౌండర్, తన్మయి. మొన్న పన్నెండో తారీఖునే బళ్ళు తెరిచారు, టైము కూడా కుదిరింది. మా దీపక్ గుంటూరులోనే ఉంటాడు, వెళ్ళి అంతా చేసేస్తాడు. ఫ్లెక్సీ, ఫొటోలు, హెడ్మిస్ట్రెస్ లెటరు. మీరు కదలక్కర్లేదు."

"నేను వెళ్ళకుండా నేను ఫౌండర్ ఎలా అవుతాను?" అంది తన్మయి.

"ఫౌండర్ వెళ్ళక్కర్లేదమ్మా. ఐడియా నీదైతే చాలు."

"ఐడియా మీది కదా అంకుల్."

ఆయన బల్ల మీద చరిచి నవ్వారు. "ఇంటర్వ్యూలో కూడా ఇలాగే మాట్లాడు తల్లీ, సీటు నీదే!"

నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే అనిపించింది. ఎక్కడో అరవై మంది పిల్లలు నీరజ పేరున్న బ్యాగులు వీపుకు తగిలించుకుని బడికి నడవడం ఊహించుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో తన్మయి కిటికీ వైపే కూర్చుంది. "నీకు ఇష్టం లేదా?" అని అడిగాను. "కిడ్స్‌కి బ్యాగ్స్ వస్తాయి కదా. దట్స్ గుడ్" అంది.

జూన్ ఆఖరి వారం ఫొటోలు వచ్చాయి. ఆఫీసులో భోజనాల వేళ ఒక్కణ్ణే కూర్చుని ఒక్కొక్కటే తెరిచాను. ఫ్లెక్సీ మీద తన్మయి ముఖం పెద్దది, నీరజది మూలన బొట్టుబిళ్ళంత. ముందు ఒక కుందిలో దీపం. దాని ముందు పిల్లలు వరసగా, ఎండలో కళ్ళు చికిలించుకుని, వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు.

నాలుగో ఫొటోలో వెనక బడి వరండా కనిపించింది. వరండా అంచున నల్ల బూట్లు. జతలు జతలుగా, బారుగా. రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసి చూశాను. చిన్న పిల్లల బూట్లు, కొత్తవి.

దీపం వెలిగించారు కదా, అందుకని విప్పించి ఉంటారు అనుకున్నాను. మనలో ఎవరమైనా అలాగే అనుకుంటాం. దీపం ముందు చెప్పులతో నిలబడం. కానీ దీపం వెలిగిస్తున్న దీపక్ కాళ్ళకీ, అతని పక్కన నిలబడ్డ ఇద్దరి కాళ్ళకీ బూట్లున్నాయి. అదీ నాకు కనిపించింది. కనిపించాక ఫొటో చిన్నది చేసేశాను. "చాలా థ్యాంక్స్ అండీ" అని టైపు చేసి, పక్కన రెండు దండాల బొమ్మలు పెట్టి ద్వారకానాథ్ గారికి పంపాను. తన్మయికి ఫ్లెక్సీ ఫొటో ఒక్కటే పంపాను.

జూలైలో బడి సెలవులప్పుడు ద్వారకానాథ్ గారు తన్మయి పేరుతో రాయించిన వ్యాసం ఈమెయిల్లో వచ్చింది. ఫొటోలన్నీ దానికి జతచేసి ఉన్నాయి. ఆ సాయంత్రం షిఫ్ట్‌కి వెళ్ళే ముందు తన్మయి వంటింటి బల్ల దగ్గర కూర్చుని దాన్ని పైకి చదివింది. అంతా ఇంగ్లిషు. నా తల్లి ఊళ్ళో కాళ్ళకు చెప్పులైనా లేని పిల్లలు నా చేతుల్లోంచి తమ జీవితంలోని మొదటి బ్యాగు అందుకున్నప్పుడు వైద్యం అంటే ఏమిటో నాకు అర్థమైంది, అని ఉంది.

"నా చేతుల్లోంచా? వాట్ హ్యాండ్స్?" అని అది ఫొటోలు తెరిచింది. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"నాన్నా, ఇటు రా. ఇది ఒకటే బ్యాగ్."

"కంపెనీ ఒకటే అయి ఉంటుందమ్మా."

"నో. జిప్‌కి చూడు. ఎల్లో దారం వేలాడుతోంది. ఇందులోనూ ఉంది, ఇందులోనూ ఉంది. పిల్లలు మారుతున్నారు, బ్యాగ్ మారట్లేదు."

హెడ్మిస్ట్రెస్ పంపిన కృతజ్ఞతా పత్రం కూడా జతలో ఉంది. ముద్ర కింద ఫోన్ నంబరు. నేను వద్దనేలోపే తన్మయి డయల్ చేసి స్పీకర్ పెట్టింది. అక్కడ ఇంకా మధ్యాహ్నమే. వెనకాల పిల్లలు రాగం తీస్తూ ఎక్కం చెబుతున్నారు.

"నమస్తే మేడమ్. నేను తన్మయి. ఆస్ట్రేలియా. ఫ్లెక్సీలో... ఫ్లెక్సీలో ఉన్న అమ్మాయిని."

"నువ్వా అమ్మా! చెప్పు తల్లీ" అందావిడ. శ్యామసుందరి గారు ఆవిడ పేరు.

"బ్యాగ్స్ అందరికీ ఇచ్చారా మేడమ్?"

ఎక్కం ఇంకో మెట్టు ఎక్కింది. ఆవిడ ఎదురు అడిగింది. "మీ నాన్నగారు పక్కన ఉన్నారా?"

"ఉన్నారు. వింటున్నారు."

"అయితే ఇద్దరికీ కలిపే చెబుతా. మూడు బ్యాగులు తెచ్చారమ్మా. ఫొటోలయ్యాక పట్టుకుపోయారు, ఇంకో ఊళ్ళో కూడా ప్రోగ్రాం ఉందంట. ఇంకో పిల్లాడి పేరుతో. అయినా మా పిల్లలకి బ్యాగులు లేవని మీకెవరు చెప్పారు? గవర్నమెంటే ఇచ్చింది, బూట్లతో సహా. ఆ బ్యాగులన్నీ గదిలో పెట్టించి తలుపేయించాడు ఆ అబ్బాయి. బూట్లు విప్పించాడు. పదకొండున్నర ఎండ. ఒకటో తరగతి పిల్లలు ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతుంటే, కదలొద్దు, ఫొటో పాడవుద్ది అని కేకలు. నేను అడ్డం పడుండాల్సింది. మీ అమ్మ ఇక్కడ చదువుకుందనీ, చిన్న వయసులో పోయిందనీ చెప్పారు. ఆ మాటకి మెత్తబడ్డా."

తన్మయి ఫోన్‌ని ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"ఫ్లెక్సీ మాత్రం వదిలేశార్లే. బియ్యం బస్తాలు తడవకుండా కప్పుకున్నాం. ఏమీ అనుకోకు తల్లీ, నీ బొమ్మ పైకే పెట్టాం."

తన్మయికి నవ్వొచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సారీ మేడమ్" అంది చివరికి.

"నువ్వేం చేశావు సారీకి? బాగా చదువుకో" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. మమ్మల్ని తిట్టి ఉండొచ్చు. తిట్టలేదు.

తన్మయి నాలుగో ఫొటో తెరిచి నా ముందు పెట్టింది. వరండా, బూట్లు. "నాన్నా, నువ్వు ఇది చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే."

అది ఫొటో మూసేసింది. కొక్కేనికి ఉన్న షాపు ఏప్రన్ తీసి సంచిలో కుక్కుకుని షిఫ్ట్‌కి వెళ్ళిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి పారమట్టా వెళ్ళాను. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. ముందు గదిలో ఒక భార్యాభర్తా వాళ్ళ అబ్బాయీ కూర్చుని ఉన్నారు. లోపలికి పిలిచేదాకా ఆగలేదు. తలుపు తోసుకుని వెళ్ళాను.

"పిల్లల చేత బూట్లు విప్పించారటగా?"

ద్వారకానాథ్ గారు కంప్యూటర్ మీంచి తలెత్తారు. "కూర్చోండి విఠల్ గారూ. కాఫీ చెప్పనా?"

"ఉన్న బ్యాగులు దాచిపెట్టి, ఉన్న బూట్లు విప్పించి, మండే నేల మీద నిలబెట్టారు. లేనివాళ్ళకి పెట్టడం సేవ అంటారు. ఉన్నవాళ్ళని లేనివాళ్ళుగా చూపించడాన్ని ఏమంటారండీ?"

"ప్రెజెంటేషన్ అంటారు" అన్నారాయన చల్లగా. "సార్, నేను పిల్లల్ని కొట్టలేదు, తిట్టలేదు. పది నిమిషాలు బూట్లు విప్పితే ఏం పోయింది? మనం చిన్నప్పుడు బూట్లేసుకునే పెరిగామా? ఇక్కడ పుట్టిన తెల్ల పిల్లలకి వాళ్ళ తాతల పేర్లున్నాయి, క్లబ్బులున్నాయి. మన పిల్లలకి ఏముంది? ఒక కథ ఉండాలి. ఆ కథ నేనిస్తున్నాను. అందరూ చేసేదే ఇది."

"ఆ ఫొటోలు తీసెయ్యండి. నా భార్య పేరు తీసెయ్యండి."

"తీసేస్తా. కానీ ఒక్క మాట." ఆయన ఫోన్ తీసి, వెతికి, నా వైపు తిప్పారు. "ఫొటోలు పంపిన గంటలో మీరు పెట్టిన మెసేజ్. థ్యాంక్స్ అని. రెండు దండాలు. ఇవాళ వచ్చి నా మీద అరుస్తున్నారు. మీకు కళ్ళు లేవా ఆ రోజు?"

ఉన్న కోపంలో సగం నా మీదే అని ఆయన కనిపెట్టేశారు. గోడ మీద కొత్తగా పెట్టిన ఒక ఫొటో వైపు చూశాను. ఇంకో ఊరు, ఇంకో బడి, ఇంకో ఫ్లెక్సీ. వట్టి కాళ్ళ పిల్ల చేతిలో పసుపు దారం వేలాడుతున్న బ్యాగు.

బయటికి వచ్చి, ముందు గదిలో కూర్చున్నవాళ్ళతో అంతా చెప్పేశాను. బ్యాగు సంగతి, బూట్ల సంగతి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. భర్త తల వంచుకుని ఫోన్ చూసుకున్నాడు. అబ్బాయి మాత్రం నోరు తెరుచుకుని నా వైపే చూశాడు. ఆ తల్లి అంతా శ్రద్ధగా విని, గొంతు తగ్గించి అడిగింది.

"అంతా నిజమేనండీ. కానీ ఈయన దగ్గర సీట్లు ఎంతమందికి వచ్చాయంటారు?"

మెట్లు దిగి, చాలాసేపు స్టేషన్లో నిలబడ్డాను. రెండు రైళ్ళు వదిలేశాను.

తర్వాతి రెండు నెలలూ ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తలేదు. తన్మయి బడికి వెళ్ళింది, షాపుకి వెళ్ళింది, పరీక్షలకు చదివింది. నాతో మాట్లాడేది, కానీ అవసరమైనంతే. సుగుణ గారు మాత్రం గోడ మీంచి ఊరుకోలేదు. "ఆయనతో గొడవ పెట్టుకున్నారటగా అన్నయ్యగారూ. ఈ వయసులో మీకెందుకండీ? పిల్ల భవిష్యత్తు చూసుకోవాలి గానీ. ఇప్పుడేం రాస్తుంది పాపం, కోళ్ళు కోసిన సంగతా?"

మొదటిసారి ఆవిడకు తిరిగి జవాబు చెప్పాను. "అవునండీ. రెండేళ్ళుగా వెంట్‌వర్త్‌విల్ చికెన్ షాపులో పనిచేస్తోంది. శుక్రవారం అటువైపు వస్తే చెప్పండి, బాగా కాల్చింది ఏరి ఇస్తుంది." ఆ వారమే ఇండియాకి ఫోన్ చేసి మా అక్కయ్యకీ చెప్పాను, ట్యూషన్ కాదని.

సంగతి ముందే చెప్పేస్తాను. ఆ విశ్వవిద్యాలయం నుంచి తన్మయికి ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. కిట్టు అక్కడ రెండో ఏడాదికి వచ్చాడు. ద్వారకానాథ్ గారి గోడ మీది బ్యాగు ఫొటోలో, ఫ్లెక్సీ మీదున్న పిల్లాడికి కూడా పిలుపు వచ్చిందని విన్నాను. ఎందుకు పిలిచారో, ఎందుకు పిలవలేదో వాళ్ళు ఎవరికీ చెప్పరు. తన్మయి ఇప్పుడు ఇంకో యూనివర్సిటీలో నర్సింగ్ చదువుతోంది. ఇందులో న్యాయం ఎక్కడుందని నన్ను అడగకండి, నేనే అడుగుతున్నాను.

సెప్టెంబరు ముప్పై దరఖాస్తుకు ఆఖరి రోజు. వీధిలో చెట్లు అప్పుడే చిగుళ్ళు వేస్తున్నాయి. భోజనాలయ్యాక తన్మయి రెండు కాగితాలు, పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది. పద్దెనిమిది నిండనివాళ్ళ దరఖాస్తులో రాసినదంతా నిజమని తల్లిగానీ తండ్రిగానీ సంతకం చెయ్యాలట.

"చదివి పెట్టు నాన్నా" అంది.

మొదటి పేజీ షాపు గురించి. రోజూ సాయంత్రం వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడట. చేతులు వణుకుతాయి. అందరిముందూ ఎముక నుంచి మాంసం తీసుకోలేక, తెచ్చుకున్నది తినకుండానే పారేసి వెళ్ళేవాడట. అది కనిపెట్టి, ఆయన అడగకముందే, కౌంటర్ వెనకాల ముక్కలు విడదీసి పెట్టెలో సర్ది ఇవ్వడం మొదలుపెట్టిందట. మూడో రోజు నుంచి అక్కడే కూర్చుని తిని వెళ్తున్నాడట. ఇంతే రాసింది. దాన్నుంచి ఏం నేర్చుకుందో కూడా రాయలేదు. రెండేళ్ళుగా నేను ట్యూషన్ అని దాచిపెట్టింది ఈ పిల్లనా అనుకున్నాను.

రెండో పేజీలో నాలుగే వాక్యాలు. ఈ ఏడాది జూన్‌లో మేము నా పేరు మీద ఒక బడిలో కార్యక్రమం చేయించాం. ఫొటో కోసం అక్కడి పిల్లల చేత బూట్లు విప్పించారు. బ్యాగులు వాళ్ళకి ఇవ్వలేదు. నేను ఫోన్ చేసి కనుక్కునేదాకా దాన్ని సేవ అనే అనుకున్నాను.

కాగితం కింద పెట్టాను. మళ్ళీ తీశాను.

"ఇది ఉండాలా అమ్మా?" అని అడిగాను. "మొదటి పేజీ చాలా బాగుంది. ఈ రెండోది తీసేస్తే..."

"తీసేస్తే?"

"సీటు వస్తుందేమో. ఇది ఉంటే చదివినవాళ్ళు ఏమనుకుంటారో."

"ఐ నో" అంది.

గోడ గడియారం చూశాను. ఇంకా రెండు గంటల టైముంది. బతిమాలొచ్చు. ఏడిస్తే వింటుంది కూడా, నా సంగతి నాకు తెలుసు, దాని సంగతీ తెలుసు. దాని కోరిక ఎంత పెద్దదో కూడా తెలుసు.

"పోనీ ‘మా నాన్న’ అని రాయి. చేయించింది నేను కదా. ‘మేము’ అని ఎందుకు?"

తన్మయి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "నువ్వు ఫ్లెక్సీ ఫొటో పంపావు కదా. దాని మీద నా ఫేస్ చూసి నాకు బాగుంది నాన్నా. ఫ్రెండ్స్‌కి కూడా పంపాను. బ్యాగ్స్ ఎలా ఉన్నాయని అడగలేదు. పిల్లల పేర్లు కూడా అడగలేదు. అందుకే మేము."

పెన్ను తీసుకున్నాను. రెండు పేజీల కిందా సంతకం చేసి, పక్కన ఆ రోజు తేదీ వేశాను. అది ఫోన్‌తో కాగితాలు ఫొటో తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, నేను చూస్తుండగానే పంపేసింది. తెర మీద అందిందన్న మాట ఒకటి వచ్చింది. ఇద్దరం దాని వైపు చూస్తూ కూర్చున్నాం.

"పొద్దున బయాలజీ టెస్ట్ ఉంది" అని లేచింది. నా కంచం కూడా తీసి సింకులో పెట్టింది. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఆనించి, తన గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.